ఎత్తుగడ దగ్గర జాగ్రత్త తల్లీ

బంగారు తల్లికి,

ప్రభువు పేరట మామయ్య వందనాలు.

ఈ ఏడు ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ బృందాన్ని నువ్వే నడిపిస్తున్నావని, ఈస్టరు తెల్లవారుజాము పాటలు కూడా నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్న వెంటనే గర్వంగా అనిపించింది. మరుక్షణమే నీ గొంతు గుర్తొచ్చి గుబులు పట్టుకుంది. డిసెంబరు మొదటి వారం నుంచి రాత్రిళ్లు మంచులో పాడితే 24 నాటికి ఎంతమందికి గొంతు మిగులుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మనుషులు ఇరవై మందికి మించొద్దు. ఇంటికి రెండు పాటలు, చిన్న ప్రార్థన, మొత్తం ఏడెనిమిది నిమిషాలు. ఏడు గంటలకు బయల్దేరితే పదింటిలోపు పదిహేను ఇళ్లు అవుతాయి, అంతే చాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధిలో మైకు, వాయిద్యాలు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పదయ్యాక డప్పు సంచిలోకి పోవాలి. కానుకల కవర్లు ఇద్దరు కలిసి లెక్కపెట్టి అప్పటికప్పుడే పుస్తకంలో రాయండి. ఇచ్చిన కేకు అక్కడ తినొద్దు, సంచిలో వేసుకోండి. పొడి కేకు నలుసు గొంతులో పడితే తర్వాతి ఇంట్లో చరణం మధ్యలో దగ్గు మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. మన వైపు బృందాలన్నీ తరతరాలుగా చేసే తప్పు ఒకటే. పాటను మరీ పైన ఎత్తుకోవడం.

ఎందుకలా అవుతుందో విను. నడిచొచ్చిన ఆయాసం, పక్కన డప్పు, వీధిలో బళ్ల మోత. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, గొంతుతో పాటు శ్రుతీ పెరుగుతుంది. పైగా చాలా పాటల్లో పల్లవి మధ్య స్థాయిలోనే తిరుగుతుంది కాబట్టి నాలుగు శ్రుతిలో (కీబోర్డు మీద ఎఫ్; ఒకటి అంటే సి, రెండు అంటే డి) ఎత్తుకున్నా పల్లవి హాయిగానే ఉంటుంది. చరణం పై షడ్జమం (పై స) దాటి పై గాంధారం (పై గ) అందుకునేసరికి మగవాళ్లు ఆగిపోతారు, ఆడపిల్లలు అరుస్తారు, పసివాళ్లు మెడనరాలు ఉబ్బేలా లాగుతారు. అలా రెండు రాత్రులు గడిస్తే మూడోనాడు బొంగురు. నీళ్లు, కషాయాలు ఎన్ని తాగించినా, అరుపుతో వాచిన గొంతుకు కావలసింది విశ్రాంతే.

కాబట్టి శ్రుతిని పల్లవిలో వెతకొద్దమ్మా. పాటలో అన్నిటికన్నా పైకెళ్లే చోటు పట్టుకో. అక్కడ అందరూ అరవకుండా పాడగలిగే శ్రుతి చూసుకుని, దాన్నిబట్టి పల్లవికి దిగు. పై గాంధారం దాకా వెళ్లే పాటకు ఒకటి శ్రుతి చాలు. పై షడ్జమం దగ్గర ఆగేదైతే రెండున్నర, మూడు దాకా పర్లేదు. కింద మంద్ర పంచమం (కింది ప) దగ్గర పిల్లల గొంతు వినబడదు. పోనీ, అక్కడ మగవాళ్లు మోస్తారు.

'శుద్ధరాత్రి' (సైలెంట్ నైట్) పాటనే తీసుకో. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ గుడిలో గిటారు మీద ఇద్దరు పాడితే తొలిసారి వినబడిన పాట ఇది. జోలపాటలా ఉంటుంది కదా అని అందరూ తేలిగ్గా ఎత్తుకుంటారు. మొదలయ్యేది పంచమం మీద. చివరి పాదాలకొచ్చేసరికి పై మధ్యమం (పై మ) దాకా ఎక్కి, ముగింపులో కింది షడ్జమానికి దిగుతుంది. వరస కట్టిన గ్రూబర్ దాన్ని రాసింది రెండు శ్రుతిలో, అది ఇద్దరు గాయకుల కోసం. ఇరవై మందికి దానికన్నా కిందుండే ఆరున్నర, అంటే కింది బి ఫ్లాట్, పట్టుకో. ఇది ఆరు మాత్రల నడక. డోలక్ అబ్బాయి అలవాటుకొద్దీ నాలుగు మాత్రల దరువు వేస్తే పాట నడుం విరుగుతుంది. ఆ ఒక్క పాటకు డోలక్ పక్కన పెట్టించు, అలిగితే అలగనీ.

ఎత్తుకునేది ఒక్కరే. అది నువ్వే. ఫోన్లో తంబూరా పెట్టుకుని, ఒక చెవి దగ్గర ఆనించుకుని, నోరు మూసి షడ్జమం కూనిరాగం తీసి అప్పుడు మొదలెట్టు. కీబోర్డు తీసుకెళ్తే ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) సున్నా మీద ఉందో లేదో ప్రతి ఇంటి గేటు దగ్గరా చూడు. చీకట్లో ఏదో వేలు తగిలి మారిపోతూ ఉంటుంది. పైన ఎత్తుకున్నావని తెలిస్తే పల్లవి దగ్గరే ఆపి మళ్లీ మొదలెట్టు. సిగ్గుపడి లాక్కెళ్లావో, ఉతికి ఆరేస్తాను! పాటల పట్టిక రాసి, ప్రతి పాట పక్కన శ్రుతి అంకె వేసుకో. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ఉంటాయి, శ్రుతి మాత్రం నువ్వే రాసుకోవాలి.

డప్పు సంగతి మీ మావయ్యలందరికీ తెలుసు, నీకు తెలియకపోవచ్చు. మంచుకు తోలు మెత్తబడి మోత చచ్చిపోతుంది. మధ్యలో ఒకసారి గడ్డిమంటకు కాచుకోవాలి, మంట మాత్రం పిల్లలకు దూరంగా. మన 'మంచు' అనే మాట ఎంత మంచిదో చూడు, పడమటి దేశాల హిమానికీ, మన డెల్టాలో కురిసే దానికీ ఒక్కటే సరిపోయింది. ఒక రాజు మంచులో నడిచే ఇంగ్లిషు కేరల్ ఉందే, దాని వరస నిజానికి వసంతంలో పూల గురించి పాడుకున్న లాటిన్ పాటది. 1582 నాటి 'పియే కాంతియోనెస్' అనే లాటిన్ పాటల పుస్తకంలో ఉంది. 1853లో నీల్ అనే ఇంగ్లిషు పాదిరి దానికి క్రిస్మస్ మాటలు కట్టాడు.

అందుకే వరస దొరికింది కదా అని ఏ కాలానికి ఏ పాటైనా పాడేయొద్దు. మట్టల ఆదివారం ఊరేగింపులో నడకకు తగ్గట్టు, రెండడుగులకు ఒక తాళం పడే పాటలే ఎంచుకో. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలంలో తాళాలు, డప్పు పెట్టెలో ఉండనీ.

ఈస్టరు నాడు నాలుగింటికి లేచి పాడాలి. నిద్రలేచిన గొంతు వాచి, బరువుగా ఉంటుంది. పది నిమిషాలు కూనిరాగం తీయించి, క్రిస్మస్‌కు రాసుకున్న అంకెకు ఒకటి తగ్గించు. మైకు లేదు, వాయిద్యాలు లేవు కనుక చరణం నువ్వు పాడు, పల్లవి జనానికి వదిలేయ్. వాళ్లకు కంఠస్థమైన పల్లవులే పెట్టు, చీకట్లో పుస్తకం ఎవరికీ కనబడదు. సమాధుల తోటలో కొవ్వొత్తుల మధ్య నిలబడినప్పుడు చున్నీలు నడుముకు బిగించమను. నా భయం నాది. అమ్మమ్మ సమాధి దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ ఆగు, అక్కడ మాత్రం నెమ్మదిగా పాడండి.

రోడ్డు మీద నడిచేటప్పుడు ముందొకరు, వెనకొకరు టార్చితో ఉండాలి. పిల్లలు నక్షత్రం కర్రలు పైకెత్తితే కరెంటు తీగలు తగలొచ్చు, వాటికి వెదురే వాడండి, ఇనుప గొట్టాలు వద్దు. తడిసిన వెదురూ ప్రమాదమే.

నవంబరు ఆఖరిలోపు పాటల పట్టిక, పక్కన శ్రుతులతో, నాకు పంపు. అన్నీ నాలుగు శ్రుతి అని కనబడిందంటే బస్సెక్కి వచ్చేస్తాను. మెడకు మఫ్లరు చుట్టుకో తల్లీ.

ఇట్లు,
మీ మామయ్య