మందుల షీటు ఏ వైపు నుంచి కత్తిరిస్తున్నారు?

కడపలో వ్యాపారస్తులు ముసలివాళ్ళకు ఇంకా ఎట్లా ఉపయోగపడొచ్చని అడిగారు. డిస్కౌంట్లు, ఇంటికి తెచ్చివ్వడం అని అందరూ చెప్తారు. నన్నడిగితే మొదట మందుల షాపులో కత్తెర పట్టుకునే పద్ధతి మారాల.

ఒక అవ్వ వచ్చి "బీపీ బిళ్ళలు అయిదు దినాలకియ్యి నాయనా" అంటుంది. కౌంటర్లో పిల్లోడు షీటు సగానికి కత్తిరించి, కాగితం కవర్లో వేసిస్తాడు. చాలా షీట్ల మీద బ్యాచి నంబరు, గడువు తేదీ ఒక చివరనే ఉంటాయి. ఆ ముక్క అవ్వకు పోతే షాపులో మిగిలిన బిళ్ళలకు తేదీ ఉండదు. తేదీ లేని చివర నుంచి కత్తిరిస్తే అవ్వ చేతిలోని వాటికుండదు. మందు పేరు కూడా మధ్యలో తెగిపోతుంది. అవి అయిపోయాక ఆమె ఖాళీ ముక్క పట్టుకుని ఇంకో షాపుకు పోయి "ఇవే ఇయ్యి" అంటే, వాళ్ళు దేన్ని చూసి ఇస్తారు? బీపీకిచ్చే ఆమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములదైనా 5 మిల్లీగ్రాములదైనా చాలా కంపెనీలవి చిన్న తెల్ల బిళ్ళలే.

అందుకని ఎప్పుడూ తేదీ లేని చివర నుంచే కత్తిరించి, కవరు మీద నల్ల మార్కరుతో, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాల: మందు పేరు, పవరు, గడువు నెల, దేనికి, ఎప్పుడు. '1-0-1' అని గీకితే చదువురాని మనిషికి ఏం తెలుస్తుంది? పొద్దునకు సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీస్తే చాలు. నోటితో కూడా రెండు మాటలు చెప్పాల. షుగరు బిళ్ళ గ్లిమిపిరైడ్ వేసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న బిళ్ళ రోజంతా మెల్లగా కరగాల్సింది; మింగలేక నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

ఇన్సులిన్ విషయంలో తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లుండే సీసాకు నారింజమూత సిరంజి. 100 సీసాలో మందును ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా తీస్తే 20కి బదులు 50 యూనిట్లు ఎక్కుతాయి. సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూపించాకే బిల్లు కొట్టాల. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఇన్సులిన్‌ను ఉత్త కవర్లో పంపడం అన్యాయం. గుడ్డలో చుట్టిన ఐసు ప్యాకు పక్కన పెట్టివ్వాల. ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే ఆ మందు పనికిరాదు.

ఇంకోటి, చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెట్టడం. షుగరున్న మనిషికి, అదీ ఒకటో తారీఖున వచ్చిన పింఛను డబ్బులు లెక్కపెట్టి ఖర్చుపెట్టుకునే మనిషికి, చాక్లెట్టు ఎందుకు? పొద్దున్నే గల్లాపెట్టెలో వంద రూపాయల చిల్లర నాణేలు పోసుకోండి.

అసలు షాపులోకి ఎక్కగలిగితే కదా ఇవన్నీ! మన దగ్గర కాలువ దాటించి అడుగెత్తున కడప బండ వేస్తారు. పాలిష్ పెట్టిన నల్లబండ తడిస్తే జారుతుంది, సందెవేళ దాని అంచు కనబడదు. ర్యాంపు కట్టాలంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాల, రోడ్డు మీద అంత జాగా దొరకదు. దాన్నే ఆరంగుళాల మెట్లు రెండు చేసి, బండను ఉలితో గరుకు చేయించి, అంచుకు రెండంగుళాల పసుపు పెయింటు పట్టీ వేయించండి. పక్కన మూడడుగుల ఎత్తులో పైపు పాతించండి, పిడికిట్లో ఇమిడే లావు చాలు.

లోపల ప్లాస్టిక్ స్టూలు వద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చేతులు ఆనించి లేస్తారు. పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న చేతుల కుర్చీ, గోడకు ఆనించి, ఫ్యాను కింద వెయ్యండి.