టెంటర్‌హుక్స్ అంటే అసలు ఏ కొక్కేలు?

రిజల్ట్స్ కోసం టెన్షన్‌తో ఎదురుచూసేవాళ్లని ఇంగ్లీషులో ‘ఆన్ టెంటర్‌హుక్స్’ అంటారు కదా, ఇంతకీ ఆ హుక్స్ ఏంటి అని మీ ప్రశ్న. నిజంగా కొక్కేలే. పాతరోజుల్లో ఇంగ్లండ్‌లో నేసిన ఉన్ని బట్టని తడిపి, కాళ్లతో తొక్కి తొక్కి దట్టం చేసేవారు (వాకర్ అనే ఇంటిపేరు ఈ తొక్కుడు పనివాళ్లదే). తడి ఉన్నిని అలాగే వదిలేస్తే ఎండేటప్పుడు ఎక్కడికక్కడ ముడుచుకుపోతుంది, అందుకని ఆరుబయట పొడవాటి చెక్క చట్రాలు పాతి, వాటికి వరసగా కొట్టిన వంపు మేకులకి బట్ట అంచుల్ని గుచ్చి, బిగుతుగా లాగి ఆరబెట్టేవారు. ఆ చట్రమే టెంటర్, ఆ మేకులే టెంటర్‌హుక్స్. వాటికి లాగి కట్టిన బట్టలా మనసు బిగుసుకుపోతే ‘ఆన్ టెంటర్‌హుక్స్’ అన్నమాట. బట్టంతా బయటే ఉంటే దొంగలకి పండగేగా! ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ అనే ఊళ్లో అయితే 13½ పెన్నీల సరుకు ఎత్తుకెళ్లి దొరికినా తల తీసేసేవారు, 1650 దాకా.

చాలామంది ‘టెండర్‌హుక్స్’ అని రాస్తారు, అది తప్పు. మాటకి మూలం లాటిన్‌లో సాగదీయడం అనే అర్థమున్న ‘టెండెరె’. మనం రోజూ పడే టెన్షన్ కూడా అందులోంచి వచ్చిందే.