దాయాది అంటే పగవాడేనా?

సందేహం: రష్యా చరిత్ర మీద ఒక వ్యాసంలో “ట్వేర్ మిఖాయిల్, మాస్కో యూరీ దాయాదులు” అని చదివాను. ఆ రాజులిద్దరూ బద్ధశత్రువులు కాబట్టి అలా రాశారా?

సమాధానం: పగ వల్ల కాదు, పాలు (వాటా) వల్ల. దాయమంటే పంచుకోవలసిన పిత్రార్జితం. అందులో వాటా పుచ్చుకునేవాడు దాయాది. అచ్చతెలుగులో పాలివాడు, తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ పాలోళ్లంటారు. పంపకమున్న చోట తగవూ ఉంటుంది కనుక ‘దాయ’కు కావ్యాల్లో శత్రువనే అర్థమూ వచ్చి చేరింది. తిక్కనగారు ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి ఆశ్రయించింది, దాయాదులు లాక్కున్న మనుమసిద్ధి రాజ్యం కోసమేనని ప్రతీతి. పాచికల దాయంతో ఇక్కడ పనిలేదు. వాటా సంగతే మరిచి, ప్రతి భారత్-పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్‌కూ ‘దాయాదుల పోరు’ అని శీర్షిక పెట్టే పత్రికలు ఈ మాటను అరగదీశాయి.

ఇక మీ రాజులు. యూరీ తాత అలెగ్జాండర్ నెవ్‌స్కీ, మిఖాయిల్ తండ్రి యారొస్లావ్ తోడబుట్టినవాళ్లు. అంటే మిఖాయిల్ యూరీకి పినతండ్రి వరస. ఇంత చక్కని వరస ఉండగా ‘కజిన్’ అననక్కర్లేదు. వాళ్ల దాయం వ్లదీమిర్ నగరపు గద్దె; ఆ ప్రాంతపు రాజులందరిలో పెద్దరికం దాన్ని ఎక్కినవాడిదే. అది అన్న తరవాత తమ్ముడికి, ఆపైన అన్న కొడుకులకు వచ్చేది. తండ్రి ఎక్కని గద్దె మీద కొడుక్కి హక్కు లేదు. యూరీ తండ్రి దనీల్ ఆ గద్దె ఎక్కకుండానే 1303లో పోయాడు. 1304లో గద్దె ఖాళీ అయ్యేసరికి వంశంలో పెద్దరికం మిఖాయిల్‌ది. వీళ్లందరికీ ఏలిక అయిన మంగోలు ఖాను ఇచ్చే పట్టా, వాళ్ల మాటలో యర్లిక్, ఆయనకే దక్కింది. యూరీ ఊరుకోలేదు. ఉజ్బెక్ ఖాను చెల్లెలు కొంచాకను పెళ్లాడి 1317లో పట్టా తెచ్చుకున్నాడు. ఆమె ట్వేర్‌లో బందీగా ఉండగా మరణించింది. ఆ నింద మిఖాయిల్ మీద పడి, 1318లో ఖాను కొలువున ఆయనను చంపించారు. 1325లో మిఖాయిల్ కొడుకు ద్మీత్రి అక్కడే యూరీని నరికాడు, మరుసటి ఏడు తన తలా పోగొట్టుకున్నాడు.

కాబట్టి నెత్తుటి వరసను బట్టి వీళ్లు దాయాదులే. పాత ఆచారాన్ని బట్టి మాత్రం యూరీకి దాయంలో పాలు లేదు; ఉన్నది బావమరిది ఇచ్చిన పట్టా. పట్టాతో దాయాది అవుతాడా అంటే, నేను కాదనే అంటాను గానీ వ్యాసకర్తను తప్పుపట్టను. ర్యాజాన్ అనే మరో రష్యా రాజ్యపు రాజులదీ వీళ్ల రూరిక్ వంశమే, అయినా వ్లదీమిర్‌లో వాళ్లకు వాటా లేదు. వాళ్లను జ్ఞాతులు (ఒకే వంశంవాళ్లు) అంటే చాలు.