ప్రాగ్‌లో గుమ్మాల పైన చూడరా

ఒరే చిన్నోడా,

వచ్చే నెల ప్రాగ్ వెళ్తున్నావట, మామూలు లోహాల్ని బంగారం చేస్తామనే రసవాదుల వీధులన్నీ తిరిగేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. మూడేళ్ళు అక్కడ ఉద్యోగం వెలగబెట్టినోణ్ణి కదా, కాస్త విను.

22 నంబర్ ట్రామ్ ఎక్కి కోట పైన పోహోర్జెలెట్స్‌లో దిగు, అక్కణ్ణించి నెరుదొవా వీధంతా దిగుడే, కిందనించి ఎక్కావంటే మోకాళ్ళు అరుగుతాయి. ఫోన్ జేబులో పెట్టేసి గుమ్మాల పైన చూసుకుంటూ నడువు. 47 నంబర్ ఇంటికి రెండు సూర్యుళ్ళ బొమ్మ ఉంటుంది. సూర్యుడంటే బంగారం, చంద్రుడంటే వెండి, కుజుడంటే ఇనుము, ఇదంతా రసవాదుల రహస్యమేనని నైట్ టూర్‌లో ఒక గైడ్ చెప్తే నేను నోరెళ్ళబెట్టి విని ఇంటికి ఫోన్ చేసి మరీ అందరికీ చెప్పేశా. రసవాదుల లెక్క అదేగానీ ఆ బొమ్మ మాత్రం ఉత్త అడ్రస్ రా! 1770లో నంబర్లు వచ్చేదాకా ఇల్లు చెప్పాలంటే బొమ్మే గుర్తు, మనం వేపచెట్టు ఇల్లు అన్నట్టు. కింద 12లో మూడు ఫిడేళ్ళు కనపడతాయి చూడు, అక్కడుండింది ఫిడేళ్ళు చేసేవాళ్ళు. అందుకే బొమ్మ కనపడగానే ఊహలు అల్లేసుకోకుండా ముందు ఆ ఇంట్లో ఎవరుండేవాళ్ళో కనుక్కో.

కోటలోపలి గోల్డెన్ లేన్ అనే సందు కూడా అంతే, రసవాదులదంటారుగానీ కోట కాపలావాళ్ళ అగ్గిపెట్టె ఇళ్ళవి, తర్వాత కంసాలులు చేరారు. అక్కడ 22లో రచయిత కాఫ్కా కూర్చుని రాసుకున్నాడు, నాకైతే అదే గొప్ప.

అలాగని అంతా ఉత్తిదేం కాదు. 1583లో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువుని వియన్నా నించి ఇక్కడికి మార్చాక రసవాదులు నిజంగానే వచ్చిపడ్డారు, మనవాళ్ళు వేమన గురించి చెప్పుకునే పరుసవేది పిచ్చే అక్కడా. ఎడ్వర్డ్ కెల్లీ అనే ఇంగ్లీషోడు బంగారం చేస్తానని రాజుని ఊరించి ఊరించి చివరికి జైలుపాలయ్యాడు. నెరుదొవా పక్కనే యాన్‌స్కీ వర్షెక్ సందులో 'ఉయ్యాల్లో గాడిద' అని ఒక ఇల్లుంది, అది మాత్రం వదలకు. కెల్లీకి చెవులు కోసేశారని పుకారు, అవి కనపడకుండా జుట్టు కప్పుకుని తిరిగేవాడట, ఓ రోజు గాలికి జుట్టు లేస్తే ఒకావిడ చూసి ఫక్కున నవ్విందట, ఆయన శపించాడట, ఆవిడ ఇంట్లోకెళ్ళి చూస్తే ఉయ్యాల్లో బిడ్డకి గాడిద తల!

ఓపికుంటే చార్లెస్ స్క్వేర్‌లో, కథల్లో దయ్యానికి ఆత్మ అమ్ముకున్న ఫౌస్ట్ పేరున్న ఇంటికి సాయంత్రం వెళ్ళు, దయ్యం పైకప్పులోంచి మనిషిని ఎత్తుకుపోయిందని చెప్పుకునే కొంప అది. 18వ శతాబ్దంలో ఆ ఇంటాయన లోపల కెమిస్ట్రీ ప్రయోగాలు చేసేవాడు, ఇక వీధిలో జనం ఊరుకుంటారా.

కొత్త బూట్లు వేసుకెళ్ళకు, అన్నీ రాళ్ళ రోడ్లే, వానపడితే సర్రున జారతాయి. గాడిద ఇంటి ఫోటో తీసి పంపు, మీ పెద్దమ్మ ఇప్పటికీ నేను కల్పించి చెప్పాననే అంటోంది.

మీ పెదనాన్న