మాల్టాకి లోన్ తీసుకుని వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇద్దరం ఉద్యోగులం, నెలకు 95 వేలు చేతికొస్తాయి, హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు. ఎఫ్‌డీలో 1.2 లక్షలున్నాయి. జనవరి ఆఫ్ సీజన్ కాబట్టి యూరప్‌లోని చిన్న దీవుల దేశం మాల్టా టూర్ సగం ధరకే అయిపోతుందని ఏజెంట్ అంటున్నారు. మా ఇద్దరికీ, పదేళ్ల పాపకీ కలిపి 4.2 లక్షలట. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: మాల్టా తప్పకుండా చూడండి. కానీ ఈ జనవరిలో వద్దు, అప్పు చేసి అసలే వద్దు.

ఆ సగం ధర హోటల్ గది వరకే. ఆగస్టుతో పోలిస్తే చలికాలంలో అక్కడ గదులు నిజంగానే చవక, కాదనను. మీ ఖర్చులో పెద్ద వాటా మాత్రం విమాన టికెట్లది. ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లోనో ఇస్తాంబుల్‌లోనో మారాలి, పైగా క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా మన సెలవుల రద్దీకి ఆ టికెట్లు పెరుగుతాయే గానీ తగ్గవు. మాల్టాతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసా ఫీజు ఏ నెలలో వెళ్లినా పెద్దలకు 90 యూరోలు, పాపకు 45. వీసా రాకపోతే అది తిరిగి రాదు.

ఇక లోన్. 3 లక్షలు 14 శాతానికి, మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,250 కట్టాలి, మొత్తం వడ్డీ 69 వేలు. గది అద్దెలో మిగిలింది కాస్తా బ్యాంకుకే పోతుంది. ఇంకోటి, వీసాకు కొన్ని నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఉన్నట్టుండి 3 లక్షలు వచ్చి పడితే ఎక్కడివని అనుమానిస్తారు. ఎఫ్‌డీ కూడా ముట్టుకోకండి, మీ ఇంటికి అది రెండు నెలల ఖర్చు కూడా కాదు.

ఈఎంఐ కడదామనుకున్న 10 వేలకు ఇంకో 4 వేలు కలిపి ఆర్‌డీ మొదలుపెట్టండి. 6.5 శాతం అనుకున్నా రెండేళ్లకు దాదాపు 3.6 లక్షలు అవుతాయి. ఫిబ్రవరిలో, ఏజెంట్ లేకుండా సొంతంగా బుక్ చేసుకుంటే ఆ బడ్జెట్‌లో సర్దుకోవచ్చు, స్కూల్ సెలవు ఒక్కటే చూసుకోవాలి. అప్పటికి పాపకు 12 నిండితే తనకూ 90 యూరోలే, అది లెక్కలో వేసుకోండి. ప్యాకేజీయే కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, దాన్ని ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవడం మరవకండి.

ఇంకో మాట, ఏజెంట్ చూపించిన ఫోటో బ్లూ లగూన్ అనే నీలి నీళ్ల సముద్రతీరానిది అయి ఉంటే పాపకు ముందే చెప్పండి, చలికాలంలో అక్కడ ఈత కుదరదు. పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 10, మధ్యమధ్య వాన. ఇళ్లన్నీ రాతి కట్టడాలు, లోపల చెమ్మ, అందుకని గది బుక్ చేసేముందు హీటింగ్ ఉందా అని గట్టిగా అడగండి. చవగ్గా దొరికే ఫ్లాట్లలో చాలాసార్లు ఉండదు. కానీ రాజధాని వాలెట్టా, ఎండాకాలంలో మాడిపోయే పాత కోట నగరం మ్దీనా వీధులు, హాజర్ ఇమ్ అనే అతి పురాతన రాతి గుడులు, చిత్రకారుడు కరవాజ్జో గీసిన బొమ్మ ఉన్న సెయింట్ జాన్స్ చర్చి, ఇవన్నీ తీరిగ్గా చూడాలంటే చలికాలమే మంచిది. నేల కింద రాతిలో తొలిచిన పురాతన సమాధుల కట్టడం హైపోజియం టికెట్లు రోజుకు కొన్నే ఇస్తారు, ముందే కొనుక్కోండి. పక్క దీవి గోజోకి వెళ్లే ఫెర్రీకి టికెట్ తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోతాయి కాబట్టి విమానం ముందురోజు గోజో పెట్టుకోవద్దు.

అక్కడ కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మనమీద పడుతుంది. ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే రద్దు నిబంధనలు ఇవాళే చదవండి. తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది.