23 ఏళ్లకు 400 హార్స్‌పవర్ కారు: ఈఎంఐ కన్నా ముందు వేయాల్సిన లెక్క

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 23. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 92 వేలు వస్తుంది. రెండేళ్లుగా స్విఫ్ట్ నడుపుతున్నాను, నెలకు రెండుసార్లు దాంట్లోనే ఇంటికి వస్తుంటాను. 2018 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో 44 లక్షలకు ఇస్తామంటున్నారు. నాన్న (61 ఏళ్లు) ఈమధ్య పొలం అమ్మారు, అందులో 20 లక్షలు నాకు ఇస్తానన్నారు. మిగతా 24 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నా. ‘అంత పవర్‌కు నువ్వు రెడీనా?’ అని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. స్విఫ్ట్‌కు రెండేళ్లలో రెండే క్లెయిమ్‌లు, రెండూ చిన్నవే. అయినా డబ్బుకూ డ్రైవింగ్‌కూ సంబంధమేంటి? డీలర్ ఆదివారంలోగా 50 వేలు టోకెన్ కట్టమంటున్నాడు.

జవాబు: టోకెన్ కట్టకండి. ఇప్పుడే ఈ కారు కొనొద్దన్నది నా సలహా. మీ ఆశను తక్కువ చేయడం లేదు. ఐదు లీటర్ల వీ8 ఇంజిన్ శబ్దం విన్నాక అది వదలదని నాకూ తెలుసు. కానీ మీ ఫ్రెండ్స్ అడిగింది డబ్బుకు సంబంధించిన ప్రశ్నే. ఏ కారైనా కొనేముందు ఈఎంఐ కట్టగలనా అని అందరూ చూసుకుంటారు. ఇంత పవర్ ఉన్న కారుకైతే, చేతిలో ఒక్క తప్పు జరిగితే ఆ ఖర్చును తట్టుకోగలనా అన్నది ముందు చూడాలి. ఆ తప్పు జరిగే అవకాశం మీ డ్రైవింగ్‌ను బట్టి ఉంటుంది, తట్టుకునే శక్తి మీ బ్యాంకు ఖాతాను బట్టి ఉంటుంది. రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

ముందు సులువైన భాగం. 24 లక్షలు, ఐదేళ్లు, పాత కార్ల లోన్ కాబట్టి 13 శాతం వడ్డీ అనుకుందాం. ఈఎంఐ దాదాపు 54,600. ఐదేళ్లలో వడ్డీయే 8.75 లక్షలు దాటుతుంది. నెలకు రెండుసార్లు రానుపోను ప్రయాణాలు, ఊళ్లో తిరుగుడు కలిపి 1,250 కిలోమీటర్లు తిరుగుతారనుకున్నా, లీటరుకు ఆరున్నర కిలోమీటర్లు, పెట్రోల్ 105 రూపాయల లెక్కన 20 వేలు. ఇన్సూరెన్స్‌కు నెలకు 8 వేలు, టైర్లకూ సర్వీసుకూ 12 వేలు పక్కన పెట్టాలి. ఇవి నా అంచనాలు, కొటేషన్లు తెచ్చి సరిచూసుకోండి. మొత్తం 94 వేలు దాటుతోంది. ఇంటి అద్దె, తిండి ఇంకా మొదలుపెట్టనే లేదు.

జీతంలో సగానికి మించి ఈఎంఐ ఉంటే బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి. అప్పుడు డీలరే ‘నాన్నగారిని కో-అప్లికెంట్‌గా పెట్టండి సార్’ అంటాడు. ఆ ఒక్క సంతకంతో 61 ఏళ్ల మనిషి మీ అప్పుకు పూర్తి బాధ్యుడవుతారు. మీరు రెండు నెలలు కట్టకపోతే ఆయన సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. పొలం అమ్ముకుని అప్పు లేకుండా ఉన్న మనిషిని ఈ వయసులో మళ్లీ అప్పులోకి దింపడం నాకు మనసొప్పడం లేదు.

ఇక మీరు ‘చిన్నవే’ అన్న ఆ రెండు క్లెయిమ్‌ల సంగతి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 20 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే తగ్గింపు వస్తుంది, వరుసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం దాకా పెరుగుతుంది. ఆ బోనస్ యజమానిదే, స్విఫ్ట్ అమ్మేసినా తర్వాత కొనే కారుకు మార్చుకోవచ్చు. రెండో ఏడాదిలోనూ క్లెయిమ్ చేసి ఉంటే మీ చేతిలో ఆ బోనస్ సున్నా. మస్టాంగ్ అమ్మే ఆయన బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. ఇంకో విచిత్రం: 1500 సీసీ దాటిన కార్లన్నిటికీ థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం ఒకటే, 2022 రేట్ల ప్రకారం ఏడాదికి 7,897. ఇన్నోవాకూ అంతే, మస్టాంగ్‌కూ అంతే. అందుకే ఇన్సూరెన్స్ పెద్ద ఖర్చేం కాదులే అనిపిస్తుంది. అసలు బరువు ఓన్ డ్యామేజ్‌లో ఉంటుంది, అది కారు విలువను బట్టి లెక్కేస్తారు. పైగా పాత కారుకు జీరో డిప్రిసియేషన్ కవర్, అంటే భాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్, దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మీ జేబులోంచే పోతుంది. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్ అంతకుముందు కూడా పూర్తిగా దిగుమతి కారే. స్విఫ్ట్‌కు రెండు రోజుల్లో మారిపోయిన బంపర్, దీనికైతే ఎన్ని వారాలు పడుతుందో, ఎంత బిల్లవుతుందో సర్వీస్ సెంటర్‌లో ఒకసారి అడిగి చూడండి.

డ్రైవింగ్ సంగతికొద్దాం. మన లైసెన్సుకు హార్స్‌పవర్‌తో పని లేదు. 18 నిండి కారు లైసెన్సు ఉంటే 90 హార్స్‌పవరైనా 400 అయినా ఒకటే. అంటే మీరు సిద్ధమో కాదో చట్టం చూడదు, మీరే చూసుకోవాలి. స్విఫ్ట్‌లో ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది, పవర్ 90 లోపే. మస్టాంగ్‌లో 400 హార్స్‌పవర్ వెనక చక్రాలకు పోతుంది, కారు బరువు 1,700 కిలోలకు పైనే. మలుపులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే స్విఫ్ట్ ముందుకు జారి మలుపు వెడల్పవుతుంది, కాలు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. మస్టాంగ్‌కు వెనక భాగం పక్కకు తిరుగుతుంది, భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తే ఇంకా తిరగొచ్చు. ఎలక్ట్రానిక్ సాయం ఉంటుంది. కానీ జారే రోడ్డు మీద ఎక్కువ వేగంతో ఉంటే అది కూడా కొంతవరకే కాపాడుతుంది. మన జిల్లాలో ఇంకో చిక్కుంది. ఇక్కడ వానే తక్కువ, ఏడాదిలో ఎక్కువ రోజులు పొడి రోడ్డు మీదే నడుపుతాం. తడి రోడ్డు అలవాటు కాదు. చాలా రోజుల దుమ్ము, నూనె మరకల మీద పడే మొదటి జల్లే అన్నిటికన్నా ఎక్కువ జారుతుంది.

మీరు వచ్చే ఎన్‌హెచ్ 44 గుర్తు చేసుకోండి. దేవనహళ్లి, చిక్కబళ్లాపూర్, బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి, రాప్తాడు. రోడ్డు బాగుంటుంది, అందుకే కాలు బరువెక్కుతుంది. నాలుగు వరసల రహదారిపై కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఆ వేగంలోనే సెకనుకు 28 మీటర్లు పోతారు. 140లో 39 మీటర్లు, బ్రేకులు అణచాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. శుక్రవారం రాత్రి వెనక లైటు లేకుండా చెనక్కాయల లోడుతో పోయే ట్రాక్టర్, డివైడర్ సందులోంచి అడ్డంగా వచ్చే బైకు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటో, ఇవన్నీ మీరు చూసినవే. 400 హార్స్‌పవర్ కారు 140కి చేరింది మీకు తెలియను కూడా తెలియదు.

కాబట్టి మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి. రాత్రి వానలో ఎన్నిసార్లు నడిపారు? ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద అదరడం ఎప్పుడైనా అనుభవమైందా? నలుగురు ఫ్రెండ్స్ కారులో ఉంటే మీ వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? ఆ రెండు క్లెయిమ్‌లలో తప్పు ఎవరిది? జవాబులు నాకు రాయనక్కర్లేదు.

నేనైతే ఇలా చేయమంటాను. స్విఫ్ట్ అలాగే ఉంచుకుని, నెలకు 30 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే రెండేళ్లకు దాదాపు 7.7 లక్షలు అవుతుంది. స్విఫ్ట్ అమ్మిన డబ్బు కలిపితే 150 హార్స్‌పవర్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లేదా స్కోడా స్లావియా 1.5 టర్బో, వాడినది, అప్పు లేకుండానో కొద్దిపాటి అప్పుతోనో వస్తుంది. మీ స్విఫ్ట్ తర్వాత అదే చాలా పెద్ద మెట్టు. ఈలోగా శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో శిక్షణకు వెళ్లండి. బెంగళూరు నుంచి ఒక్క వీకెండ్‌లో వెళ్లి రావచ్చు. కారు జారితే ఎలా ఉంటుందో ప్రాణభయం లేకుండా నేర్చుకునే చోటు అది. ట్రాక్ మీద రేసులోనో స్పీడ్ టెస్టులోనో జరిగిన నష్టానికి మామూలు ఇన్సూరెన్స్ వర్తించదు, అందుకని మీ కారుతో కాకుండా శిక్షణ ఇచ్చేవాళ్ల కారుతోనే నేర్చుకోండి. రెండేళ్లు క్లెయిమ్ లేకుండా గడిపారంటే బోనస్ కూడా పోగవుతుంది. మస్టాంగ్ మాట 28 ఏళ్లకు, జీతం పెరిగాక మళ్లీ ఎత్తుదాం. ఆ రోజు నేను అడ్డు చెప్పను.

నాన్నగారి 20 లక్షలు ఆయన దగ్గరే ఉండనివ్వండి. 60 దాటారు కాబట్టి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టొచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 41 వేలు ఆయన ఖాతాలో పడతాయి. అయితే అంతకంటే ముందు ఒకటి చూడాలి. పొలం మున్సిపల్ హద్దుకు ఎంత దూరంలో ఉంది? లక్షకు పైన, పది లక్షల లోపు జనాభా ఉన్న అనంతపురం లాంటి ఊళ్లకైతే హద్దు నుంచి ఆరు కిలోమీటర్లలోపు ఉన్న వ్యవసాయ భూమి అమ్మకంపై క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను పడుతుంది. అంతకన్నా దూరమైతే పడదు. దూరాన్ని రోడ్డు మీద కాకుండా తిన్నగా, గాలిలో కొలుస్తారు. పన్ను పడేదైతే, రెండేళ్లలోపు వేరే వ్యవసాయ భూమి కొని మినహాయింపు పొందే వీలుంది. దానికి షరతులు, గడువులు ఉంటాయి. ఈ వారమే సేల్ డీడ్ తీసుకుని నాన్నగారిని మంచి ఆడిటర్ దగ్గరకు తీసుకెళ్లండి. పన్ను తేలేదాకా ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా దేనికీ కదిలించొద్దు.