ఒకే కాగితంలో మూడు కంచెలు

చిరంజీవి నాయనకు తాడిపత్రి నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గుర్రానికి గిట్టల నొప్పి తగ్గి నాలుగడుగులు వేస్తోందని చదివినాక నా ప్రాణం కుదుటపడింది. లాయం ఆయన ఇచ్చిన అంచనా కాగితం కూడా చూసినాను. జబ్బు నీ గుర్రానికి కాబట్టి కంచె ఖర్చంతా నువ్వే పెట్టుకోవాలన్నాడని రాసినావు. ఆయనకు సరే అని చెప్పకముందే నన్ను అడిగినావు, మంచి పని చేసినావు.

ఆ కాగితం ఇంకోసారి నిదానంగా చదువు. అందులో ఉండేది ఒక కంచె కాదు, మూడు. నీ గుర్రాన్ని వేరుగా పెట్టేదానికి అరవై అడుగుల చదరం ఒకటి. రోడ్డు వైపు పడిపోయిన హద్దు కంచె ఇంకొకటి. కొత్తగా వచ్చే గుర్రాలను కొన్నాళ్లు ఎడంగా ఉంచేదానికి మూలన దొడ్డి మూడోది. మూడింటినీ కలిపి కింద ఒకే మొత్తం వేసినాడు. ముందు వాటిని విడివిడిగా రాయించుకో. బేరం ఆ తర్వాతే.

హద్దు కంచె ముమ్మాటికీ ఆయనదే. నెలనెలా నువ్వు కట్టేది గడ్డికీ ఉలవలకూ పేడ ఎత్తే మనిషికీ మాత్రమే అనుకోవద్దు. గుర్రం చెయ్యి జారి పోకుండా కాపాడేదానికి కూడా అది కూలి. ఒకరి సొత్తును తన దగ్గర పెట్టుకున్నవాడు, మామూలు తెలివి ఉండే మనిషి తన సొంతదాన్ని ఎట్లా చూసుకుంటాడో అట్లా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్‌లోనే ఉంది. గుర్రం పక్కవాళ్ల చెనిక్కాయ చేలో పడితే వాళ్లు దాన్ని పట్టి బందెలదొడ్డికి తోలవచ్చు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం గుర్రాలను కూడా పశువుల లెక్కలోనే చేర్చింది. రోడ్డు మీదికి పోతే లారీ కింద పడే భయం. ఇన్ని ముప్పులుండే కంచెను, నీ గుర్రం జబ్బు సాకుతో నీ నెత్తిన వేయడం న్యాయం కాదు. మూల దొడ్డి కూడా ఆయన ఖాతాలోదే. రేపు ఎవరి గుర్రం వచ్చినా అందులోనే కట్టేస్తారు, దానివల్ల అందరి గుర్రాలకూ రక్షణ.

అరవై అడుగుల చదరం మాత్రం నువ్వే పెట్టుకో, ఇందులో వెనక్కి పోవద్దు. వానలు పడి పచ్చిక లేచినాక తీపి గడ్డి మేసి గిట్టలు పాడైన గుర్రాన్ని, పచ్చిక లేని ఇసక నేలలో విడిగా ఉంచమని డాక్టరు చెప్పినది నీ గుర్రానికి. అది ఆయన మామూలుగా ఇచ్చే వసతి కాదు. అయితే డబ్బు నీదైనప్పుడు సామాను కూడా నీదే. నువ్వు లాయం మారిన రోజు కూసాలూ, సన్న తీగెలు అల్లిన కంచె టేపూ, దానికి కరెంటు దెబ్బ ఇచ్చే మిషనూ నీ వెంట రావాలి, గుంతలు పూడ్చి నేలను ఉన్నట్టే అప్పజెప్పాలి. ఈ మాట ఇప్పుడే కాగితం మీద పెట్టించు. ఆయన కూడా ఆ భూమిని బాడుగకు తీసుకున్నవాడేనని రాసినావు కదా, భూమి అసలు యజమానికి కూడా ఈ సంగతి తెలిసుండాలి. లేకపోతే నేలలో పాతింది నేలదేనని రేపు ఆ యజమాని అడ్డం తిరగవచ్చు.

లెక్క నువ్వే వేసుకో. చుట్టుకొలత 240 అడుగులు. పన్నెండు అడుగులకొక కూసం అంటే ఇరవై. రెండు వరసల టేపు అంటే 480 అడుగులు, ముడులకూ గేటుకూ కొంచెం ఎక్కువ. ఆయన కాగితంలో నలభై కూసాలుంటే, మిగతా ఇరవై ఏ కంచెకు పోతున్నాయో అడుగు.

సామాను సంగతిలో నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. మా గుర్రాన్ని ఒకచోట బాడుగకు పెట్టినప్పుడు, ఖర్చు తక్కువని ముళ్లతీగె లాగితే నేను కూడా ఒప్పుకున్నాను. ఒక రాత్రి కుక్కలు మొరిగితే బెదిరి తీగెకు అడ్డంపడింది. ముందు కాలు మోకాలి కింద ఎముక కనబడేదాకా చీలింది. మాన్పేదానికి నెలలు పట్టింది, ఆ కాలు మళ్లీ మునుపటిలా కాలేదు. ఆ తీగె ఎవరు తెచ్చినారు, ఎవరు కట్టినారు అని ఇరుపక్కలా వాదించుకున్నాం. గుర్రం మాత్రం నొప్పితో నిలబడే ఉండింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. గుర్రం భయపడితే ముందుకే దూకుతుంది, ఎద్దు మాదిరి ఆగి చూడదు. అందుకే వెడల్పుగా, తెల్లగా, దూరానికే కనబడే టేపు తీసుకో. ఇనుప కూసాలైతే పైకొనలకు టోపీలు తొడిగించు. మా తాడిపత్రిలో బండ కూసాలకు కొదవ లేదు గానీ, అవి శాశ్వత కంచెకు, ఈ పనికి కాదు.

టేపుకు మిషన్ పెట్టేటట్లయితే, సెకనుకొకసారి చిన్న కరెంటు దెబ్బ కొట్టి ఆగే కంచె మిషనే పెట్టించు. ఇంటి కరెంటు వైరు నేరుగా తగిలించే మాట ఎవరన్నా ఎత్తితే అక్కడే ఆపించు, అది మనుషుల ప్రాణాలు తీసే పని. మన అనంతపురం ఎర్రనేల ఎండితే ఎర్తింగ్ పట్టదు, ఎర్తింగ్ కోసం నేలలో పాతిన రాడ్డు చుట్టూ నీళ్లు పోస్తుండాలి. గడ్డి పెరిగి టేపుకు తగిలితే దెబ్బ పలచబడుతుంది. రోజూ నీళ్లు పోసేది, గడ్డి కోసేది, బ్యాటరీ చూసేది ఎవరు? దీన్ని అడగడం చాలామంది మరిచిపోతారు. నువ్వు ఊళ్లో ఉంటావు, ఆయన అక్కడే ఉంటాడు. కంచె నీదైనా రోజువారీ చూపు ఆయనది అని రాయించు, దానికి నెలకు కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వు. మిషన్ పనిచేయక గుర్రం బయటపడితే మాట ఎవరి మీదికి రావాలో అప్పుడు తేలిగ్గా తెలుస్తుంది.

కోపంగా పోవద్దు. ఆయన రాత్రి రెండు గంటలకు లేచి నీ గుర్రానికి కాళ్లు తడిపినాడని నువ్వే రాసినావు. ఆ మేలు తలుచుకొని, మూడు కంచెలూ విడదీసిన కాగితం ముందు పెట్టి మాట్లాడు.

ఆదివారం ఇటు రా. మా ఇంట్లో అటకమీద ఫైబర్ కూసాలు పన్నెండున్నాయి, ఒక చుట్ట టేపు కూడా ఉంది. లెక్కపెట్టుకొని తీసుకుపో, మిగతా ఎనిమిది కూసాలే కొంటావు. టేపు మాత్రం ముందు విప్పి చూసుకో, తీగలు ఎక్కడన్నా తెగినాయేమో.

మీ పెద్దనాయన